భుజం నొప్పితో చేతి పట్టు తగ్గిందా? కొలుచుకోవడం, పనులు సర్దుకోవడం, బలం తెచ్చుకోవడం ఎలా

భుజం నొప్పి మొదలైన కొన్ని వారాలకు చాలామంది నోట వచ్చే రెండో మాట "చేతిలో పట్టు ఉండడం లేదు" అని. సీసా మూత తిరగదు. సంచి పట్టుకుంటే కాసేపటికే జారిపోతున్నట్టు ఉంటుంది. తాళం తిప్పడానికి రెండో చెయ్యి సాయం కావాల్సి వస్తుంది. నొప్పి భుజంలో ఉంటే బలం వేళ్లలో తగ్గడమేమిటని టెన్షన్ పడి కొందరు చేతికి వేరే జబ్బేదో వచ్చిందనుకుంటారు. ఇంకొందరు రబ్బరు బంతి ఒకటి తెచ్చుకుని రోజంతా నొక్కుతూ కూర్చుంటారు.

వేళ్లను ముడిచే పెద్ద కండరాలు ముంజేతిలో ఉంటాయి, భుజంలో కాదు. కానీ గట్టిగా పిడికిలి బిగించినప్పుడు భుజం చుట్టూ ఉన్న కండరాలు కూడా వాటంతటవే బిగుస్తాయి. చెయ్యి పైకి ఎత్తి ఉంటే ఇంకా ఎక్కువ బిగుస్తాయి. భుజం కీలులో గుండు పెద్దది, గిన్నె చిన్నది. ఆ గుండును గిన్నె మధ్యలో నిలిపి ఉంచే పని రొటేటర్ కఫ్ అనే నాలుగు కండరాలది. అవి నొప్పిగా ఉన్నప్పుడు మెదడు ఆ చెయ్యి మొత్తానికీ పంపే ఆజ్ఞను కొంత తగ్గిస్తుంది. మెత్తటి నేల మీద నిలబెట్టిన నిచ్చెన లాంటిదే ఇది: నిచ్చెన గట్టిదే, ఎక్కనివ్వనిది నేల. దీనికి తోడు నొప్పి భయంతో ఆ చేతిని వాడడం మానేస్తాం కాబట్టి కొన్ని వారాల్లో ముంజేతి కండరాలు కూడా నిజంగానే బలహీనపడతాయి.

అందుకని ఈ సమస్యలో "నా పట్టు ఎన్ని కిలోలు?" అని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. "ఏ భంగిమలో తగ్గుతోంది, ఏ పనిలో అడ్డొస్తోంది?" అని అడిగితే మిగతా సగం తెలుస్తుంది. కింద చెప్పినవన్నీ దీని చుట్టూ తిరిగేవే. ఆపరేషన్ అయినవాళ్లు, ఎముక విరిగినవాళ్లు, భుజం జారినవాళ్లు మాత్రం ముందు తమ డాక్టర్ చెప్పిన జాగ్రత్తలే పాటించాలి. ఇది వాళ్లకు రాసింది కాదు.

1. ముందు ప్రమాద సూచనలు లేవని చూసుకోండి

ఇది రెండు నిమిషాల పని, కానీ దాటేయకండి. కింద చెప్పిన వాటిలో ఏది ఉన్నా వ్యాయామాల జోలికి వెళ్లకుండా డాక్టర్‌ను కలవాలి.

భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఊపిరి అందకపోవడం ఉంటే అది గుండె సమస్య కావచ్చు. అంబులెన్స్ పిలవండి. చెయ్యి ఉన్నట్టుండి పడిపోయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా అంతే, ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లాలి. కింద పడిన తర్వాత చెయ్యి అసలు లేవకపోయినా, భుజం ఆకారం మారినా అదే రోజు చూపించుకోండి. జ్వరంతో భుజం ఎర్రగా వాచి వేడిగా ఉన్నప్పుడూ అంతే. కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండడం, ఎలా పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, అరచేతిలో కండ కరిగిపోవడం, ఇవి కూడా వాయిదా వేయకూడనివే.

ఇంకో గుర్తు ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. దెబ్బ తగిలిన తర్వాతో ఆపరేషన్ తర్వాతో చెయ్యి మొత్తం వాచి, చర్మం రంగు మారి, రెండో చేతి కంటే వేడిగానో చల్లగానో అనిపిస్తూ, తాకితేనే మంటగా ఉంటే అది మామూలు భుజం నొప్పి కాదు. దానికి వైద్యం ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

2. బలహీనత ఎక్కడి నుంచి వస్తోందో గుర్తుపట్టండి

పట్టు తగ్గడానికి మూడు చోట్లు కారణం కావచ్చు: మెడ, భుజం, చెయ్యి. మూడూ కలిసి ఉండడం కూడా అరుదేం కాదు.

మెడ దగ్గర నరం నొక్కుకుంటే నొప్పి మెడ నుంచి భుజం మీదుగా చేతిలోకి జాలుతుంది. తిమ్మిరి ఒక పద్ధతిలో వస్తుంది: ఆరో నరం అయితే బొటనవేలి వైపు, ఏడో నరం అయితే మధ్యవేలు, ఎనిమిదో నరం అయితే చిటికెనవేలి వైపు. మెడ తిప్పితేనో వెనక్కి వంచితేనో నొప్పి చేతిలోకి లాగుతుంది. చెయ్యి ఎత్తి అరచేతిని తల మీద పెట్టుకుంటే హాయిగా ఉంటే మెడను అనుమానించాలి. భుజం సమస్య ఉన్నవాళ్లకు ఆ భంగిమే నరకం.

భుజమే అసలు కారణమైతే నొప్పి సాధారణంగా భుజం ముందు, జబ్బ పై భాగంలో ఉండి మోచేతి దగ్గర ఆగిపోతుంది. వేళ్లలో తిమ్మిరి ఉండదు. పైకి అందుకున్నప్పుడు, వెనక్కి చెయ్యి పెట్టినప్పుడు, ఆ వైపు తిరిగి పడుకున్నప్పుడు నొప్పి పెరుగుతుంది. ఇక్కడే ఒక చిన్న పరీక్ష చేయండి. మోచేతిని పక్కటెముకలకు ఆనించి, తొంభై డిగ్రీలు వంచి, ముంజేతిని బయటికి తిప్పండి. మీ అంతట మీరు తిప్పలేకపోవడమే కాదు, ఇంకొకరు నెమ్మదిగా తిప్పినా రెండో వైపు కంటే బాగా ముందే ఆగిపోతుంటే ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలు బిగుసుకుపోయే జబ్బు, అయ్యే అవకాశం ఉంది. ఇది 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఎక్కువగా వస్తుంది, షుగర్ ఉన్నవాళ్లలో మరీ ఎక్కువ. తగ్గడానికి ఏడాది నుంచి మూడేళ్ల వరకూ పట్టవచ్చు.

షుగర్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చూసుకోండి. అరచేతులు రెండూ జోడించి, మోచేతులు పక్కకు ఎత్తి, వేళ్లను ఒకదానికొకటి గట్టిగా ఆనించండి. వేళ్ల మధ్య కీళ్ల దగ్గర సందు మిగిలిపోతుంటే చేతి కీళ్లే బిగుసుకుపోతున్నాయన్న మాట. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లలో భుజమూ వేళ్లూ కలిసి బిగుసుకుపోవడం తెలిసిన విషయమే. వేలు ముడిస్తే టక్కున ఇరుక్కుపోవడం, రాత్రిళ్లు మొదటి మూడు వేళ్లు మొద్దుబారి నిద్ర లేవడం కూడా వీళ్లలో ఎక్కువ. ఇలాంటప్పుడు భుజానికి మాత్రమే వైద్యం చేయించుకుంటే పట్టు తిరిగి రాదు. చేతిని కూడా చూపించుకోవాలి.

3. పట్టును రెండు భంగిమల్లో కొలవండి

ఫిజియోథెరపీ సెంటర్లలో పట్టు కొలిచే పరికరం పేరు డైనమోమీటర్. వాళ్లు పాటించే భంగిమ ఇది: కుర్చీలో నిటారుగా కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, జబ్బ ఒంటికి దగ్గరగా, మోచెయ్యి తొంభై డిగ్రీలు వంచి, బొటనవేలు పైకి ఉండేలా ముంజేతిని పెట్టి, మణికట్టు తిన్నగా లేదా కొద్దిగా వెనక్కి వంచి ఉంచాలి. మూడుసార్లు నొక్కి సగటు తీస్తారు. మధ్యలో కాస్త విరామం ఇస్తారు. మణికట్టు ముందుకు వంగితే ఎవరికైనా పట్టు తగ్గిపోతుంది, కాబట్టి ప్రతిసారీ ఒకే భంగిమ పాటించకపోతే ఆ అంకెలకు అర్థం ఉండదు.

ఇక్కడితో ఆపేస్తే భుజం నొప్పి ఉన్నవాళ్ల అసలు ఇబ్బంది బయటపడదు. ఎందుకంటే ఈ భంగిమలో భుజానికి పని చాలా తక్కువ. కాబట్టి రెండోసారి మోచెయ్యి చాపి, చేతిని ముందుకు భుజం ఎత్తు వరకూ లేపి కొలవండి. అంత ఎత్తు రాకపోతే నొప్పి లేకుండా వచ్చినంత ఎత్తులో ఆపండి, ఆ ఎత్తు రాసుకోండి. భుజం బాగున్నవాళ్లలో ఈ రెండు కొలతల మధ్య పెద్ద తేడా ఉండదు. మీకు పక్కన పెట్టినప్పుడు పట్టు బాగానే ఉండి, ఎత్తినప్పుడు బాగా పడిపోతోందంటే ముంజెయ్యి బాగానే ఉంది, భుజమే దాన్ని పనిచేయనివ్వడం లేదు. రెండు చోట్లా తగ్గి ఉంటే వాడకపోవడం వల్ల ముంజెయ్యి కూడా సన్నగిల్లింది, లేదా మెడ నరం సంగతి చూడాలి. నా దృష్టిలో ఈ ఒక్క పోలిక పది ప్రశ్నలతో సమానం.

పరికరం లేదా? ఇంట్లో రెండు దారులున్నాయి. ముల్లు తిరిగే, బల్బుతో గాలి కొట్టే పాతకాలం బీపీ మెషీన్ ఉంటే దాని పట్టీని చుట్టలా చుట్టి, ముల్లు 20 దగ్గరికి వచ్చేదాకా గాలి నింపి, ఆ చుట్టను పిడికిట్లో పట్టుకుని నొక్కండి. ముల్లు ఎంతవరకూ లేచిందో అదే మీ అంకె. ఇది కిలోల లెక్క కాదు, మీ పాత అంకెతో పోల్చుకోవడానికి మాత్రమే. బటన్ నొక్కితే నడిచే డిజిటల్ మెషీన్ దీనికి పనికిరాదు. రెండో దారి ఇంకా తేలిక: పిడి ఉన్న సంచిలో లీటరు నీళ్ల సీసాలు పెట్టండి. లీటరుకు కిలో లెక్క. చెయ్యి పక్కన వేలాడదీసి, జారకుండా ఎన్ని సెకన్లు పట్టుకోగలరో చూడండి. నిమిషం దాటితే ఒక సీసా పెంచి మళ్లీ మరో రోజు చూడండి. భుజం ఒకప్పుడు జారినవాళ్లు ఈ సంచి పరీక్ష చేయకూడదు.

ఎవరితో పోల్చుకోవాలి? మీ రెండో చేతితోనే. కుడిచేతి వాటం వాళ్లకు కుడి పట్టు సుమారు పది శాతం ఎక్కువ ఉండడం మామూలే. ఎడమచేతి వాటం వాళ్లలో రెండూ ఇంచుమించు సమానంగా ఉంటాయి. కాబట్టి కుడిచేతి వాటం మనిషికి కుడి భుజం నొప్పి ఉండి, రెండు చేతుల పట్టూ సమానంగా వచ్చిందంటే "బాగానే ఉంది" అనుకోకూడదు, కొంచెం తగ్గినట్టే లెక్క. ఒకటి రెండు కిలోల తేడాను మాత్రం పట్టించుకోకండి. నిద్ర చాలకపోయినా, విసుగ్గా ఉన్నా అంత తేడా వస్తుంది.

ఇంటర్నెట్‌లో కనిపించే కటాఫ్ అంకెలు వేరే సంగతి. 2019లో ఆసియా నిపుణుల బృందం మగవాళ్లకు 28 కిలోలు, ఆడవాళ్లకు 18 కిలోల కంటే తక్కువను బలహీనమైన పట్టుగా తీసుకుంది. యూరప్ బృందం అదే ఏడాది ప్రచురించిన అంకెలు 27, 16. ఇవి పెద్ద వయసులో ఒంట్లో కండ తగ్గిపోవడాన్ని కనిపెట్టడానికి పెట్టుకున్నవి. నొప్పి ఉన్న చేతిని వీటితో పోల్చి దిగులు పడకండి. అయితే నొప్పి లేని చెయ్యి కూడా వీటికంటే కిందే ఉంటే, అది భుజానికి సంబంధించినది కాదు, డాక్టర్‌తో విడిగా మాట్లాడాల్సిన విషయం.

కొలిచేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, వదులుతూ నొక్కండి. గట్టిగా బిగించినప్పుడు బీపీ కాసేపు పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లు పూర్తి బలంతో నొక్కే పరీక్ష మానేయడమే మంచిది.

4. కిలోలు పక్కన పెట్టి, పనుల జాబితా రాయండి

ఒక కాగితం తీసుకుని, భుజం వల్ల మీకు నిజంగా ఇబ్బందిగా ఉన్న మూడు నుంచి ఐదు పనులు రాయండి. "చెయ్యి నొప్పి" అని కాదు. "వెనక సీట్లోంచి బ్యాగు అందుకోవడం", "జుట్టు ముడి వేసుకోవడం", "నిండు జగ్గు వంచడం", "పాపను ఉయ్యాల్లోంచి ఎత్తుకోవడం" అని రాయండి. ఒక్కో పనికి సున్నా నుంచి పది వరకూ మార్కు వేయండి. అసలు చేయలేకపోతే సున్నా, నొప్పి రాకముందు చేసినట్టే చేయగలిగితే పది. అన్నిటి సగటు తీసి తేదీతో రాసి పెట్టుకోండి. ఫిజియోథెరపిస్టులు కూడా వాడే పద్ధతే ఇది. తర్వాత చూసినప్పుడు సగటు రెండు మార్కులు పెరిగితే నిజమైన మార్పు వచ్చినట్టు.

క్లినిక్‌లో మీకు అచ్చు వేసిన ప్రశ్నల కాగితం కూడా ఇవ్వవచ్చు. డాష్ అనే దానిలో 30 ప్రశ్నలుంటాయి, దాని పొట్టి రూపం క్విక్ డాష్‌లో 11, భుజానికి మాత్రమే ఉద్దేశించిన స్పాడీలో 13. మూడింటిలోనూ మార్కు సున్నా నుంచి వంద, ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువని. అన్నిటిలోనూ మార్కులు ఎక్కువ వస్తే సంతోషపడే అలవాటు ఇక్కడ తిరగబడుతుంది, గమనించండి. డాష్ ప్రశ్నలు రెండు చేతుల్లో ఏది వాడి చేసినా పని అయిందా లేదా అనే అడుగుతాయి. కాబట్టి బాగున్న చేత్తో అన్నీ చక్కబెట్టుకునేవాళ్ల మార్కు పైకి బాగానే కనిపిస్తుంది. మీరు సొంతంగా రాసుకున్న జాబితాలో ఆ లోటు ఉండదు. "నొప్పి ఉన్న చేత్తో" అని పక్కన రాసుకుంటే చాలు.

5. ఈ రోజు నుంచే పనులు సర్దుకోండి

బలం రావడానికి వారాలు పడుతుంది. సర్దుబాటు ఈ పూటే చేసుకోవచ్చు. ఇందులో ఒక సూత్రం, కొన్ని ఉపాయాలు.

సూత్రం ఇది: బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉంటే భుజం మీద దాని భారం అంత తక్కువ. కిలో సీసాను భుజానికి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే పడే భారంలో, అదే సీసాను 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే మూడో వంతే పడుతుంది. బరువు మారలేదు, దూరం మారింది. కాబట్టి ఏ పని మొదలుపెట్టినా మొదట వస్తువు దగ్గరికి మీరు వెళ్లండి, మోచేతిని పక్కటెముకలకు చేర్చండి, ఆ తర్వాత పట్టుకోండి.

మూత తీయడం: సీసాను బల్ల మీద పెట్టి, నొప్పి లేని చేత్తో మూత తిప్పండి. నొప్పి ఉన్న చెయ్యి సీసాను ఊరికే నిలిపి ఉంచితే చాలు. మూత మీద రబ్బరు ముక్క వేసి తిప్పితే జారదు, అంత గట్టిగా నొక్కనక్కర్లేదు కూడా.

వంచి పోయడం: సగం నింపిన పాత్రనే వాడండి. పోసే గిన్నెను సింకులోనో తక్కువ ఎత్తు పీట మీదో పెడితే మోచెయ్యి పైకి లేవక్కర్లేదు. భుజం బాధపడేది బరువుకన్నా ఆ మోచెయ్యి పక్కకు లేవడానికే.

బట్టలు: వేసుకునేటప్పుడు నొప్పి ఉన్న చెయ్యి ముందు, విప్పేటప్పుడు చివర. ముందు గుండీలున్న బట్టలు నయం. వెనక హుక్కులుండే లోదుస్తులను ముందువైపు పెట్టుకుని వెనక్కి తిప్పుకోండి. తల దువ్వుకోవడానికి చేతిని తల దాకా ఎత్తే బదులు, మోచేతిని బల్ల మీద ఆనించి తలనే చేతి దగ్గరికి వంచండి.

సన్నటి పిడులు భుజం నొప్పిని పెంచుతాయంటే నమ్మబుద్ధి కాదు, కానీ సన్నటి వస్తువును పట్టుకోవడానికి ఎక్కువగా బిగించాలి, ఎక్కువ బిగిస్తే భుజమూ బిగుస్తుంది. కత్తి, గరిటె, పెన్ను, బ్రష్షు, స్క్రూడ్రైవర్, ఏదైనా సరే, పిడికి గుడ్డో స్పాంజి గొట్టమో చుట్టి లావు చేయండి. నొప్పి ఉన్నవాళ్లు అవసరానికి మించి బిగించి పట్టుకుంటారు, ఆ సంగతి వాళ్లకే తెలియదు. రాస్తున్నప్పుడు మధ్యలో ఆగి పెన్ను ఎంత బిగించారో ఒకసారి చూసుకోండి.

తరచూ వాడే వస్తువులను నడుముకీ ఛాతీకీ మధ్య ఎత్తులోకి దించేయండి. ఇంట్లో వాళ్లు గొణిగినా సరే. మౌస్ కీబోర్డుకు ఆనుకుని ఉండాలి, మోచేతికి కుర్చీ చెయ్యి ఆసరా ఉండాలి. ఫోన్ చూసేటప్పుడు మోచేతి కింద దిండు పెట్టుకోండి. పసిపిల్లల్ని ఎత్తుకోవాలంటే చేతులు చాచి లాగొద్దు. మోకాళ్లు వంచి కిందికి దిగి, ఒంటికి హత్తుకుని, కాళ్ల బలంతో లేవండి.

బండి నడపడం గురించి మాత్రం సర్దుబాట్లు చెప్పను. బ్రేకు గట్టిగా పట్టలేకపోయినా, స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పాల్సి వస్తే తిప్పలేననిపించినా కొన్నాళ్లు నడపకండి.

ఇంకొక మాట. డాక్టర్ చెప్పకుండా చేతికి గుడ్డ కట్టి మెడకు వేలాడేసుకోవద్దు. ఒకటి రెండు రోజులు హాయిగానే ఉంటుంది, కానీ భుజం బిగుసుకుపోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

6. వ్యాయామం: ముందు కింద, తర్వాత పైన

వరుస ముఖ్యం. చెయ్యి పక్కన పెట్టుకుని పట్టు బలపడాలి, భుజం విడిగా బలపడాలి, ఆ తర్వాత రెండూ కలిపి చెయ్యి లేపిన భంగిమలో చేయాలి. రోజు విడిచి రోజు చేస్తే సరిపోతుంది.

ఎంత నొప్పి వరకూ ఫర్వాలేదు? సున్నా నుంచి పది లెక్కలో చేస్తున్నప్పుడు మూడు నాలుగు దాటకూడదు. పెరిగిన నొప్పి మర్నాడు అదే వేళకు మామూలు స్థితికి రావాలి. ఆ రాత్రి నిద్ర చెడితే తర్వాతిసారి సగానికి తగ్గించండి, పూర్తిగా మానేయకండి.

మొదటి దశలో తువ్వాలును చుట్టగా చుట్టి, మోచేతిని ఒంటికి ఆనించి, బొటనవేలు పైకి ఉంచి పిండండి. పూర్తి బలం వద్దు, సగం చాలు. ఐదు సెకన్లు నొక్కడం, ఐదు సెకన్లు పూర్తిగా వదలడం, పదిసార్లు. కాసేపాగి ఇంకో విడత. వదలడం కూడా వ్యాయామమే, దాన్ని తొందరగా ముగించకండి. తర్వాత ఐదు వేళ్ల చివర్ల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి, వేళ్లను పువ్వులా విప్పండి, పది పదిహేనుసార్లు. బంతి నొక్కేవాళ్లంతా ఈ రెండోది మరిచిపోతారు. రోజంతా బంతి నొక్కేవాళ్లలో కొందరికి కొన్నాళ్లకు మోచేతి బయటివైపు కొత్త నొప్పి మొదలవుతుంది. పిడికిలి బిగించినప్పుడల్లా మణికట్టును వెనక్కి నిలిపి ఉంచే కండరాలు అక్కడే పుడతాయి, వాటికి విశ్రాంతి లేకపోవడమే కారణం.

అదే రోజుల్లో భుజానికి కదలిక లేకుండా బిగించే వ్యాయామం చేయండి. గోడ పక్కన నిలబడి, మోచెయ్యి తొంభై డిగ్రీలు వంచి, మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడతపెట్టిన తువ్వాలు పెట్టండి. మణికట్టు వెనక భాగంతో గోడను బయటివైపు నెట్టండి, మూడో వంతు బలంతో, పది సెకన్లు, ఐదుసార్లు. తర్వాత తలుపు చట్రం దగ్గరికి వెళ్లి అరచేతి వైపుతో లోపలికి నెట్టండి. చివరగా వెనక గోడను మోచేత్తో నెట్టండి. భుజాలు చెవుల వైపు లేవకుండా చూసుకోండి. ఫ్రోజెన్ షోల్డర్ మొదటి నెలల్లో, నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు, ఈ బిగింపులు అంతగా సాయం చేయవు. అప్పుడు చేతిని లోలకంలా నెమ్మదిగా ఊపడం, బాగున్న చేత్తో పట్టుకుని లేపడం వరకే పెట్టుకుని, తువ్వాలు పిండడం మాత్రం కొనసాగించండి.

రెండు మూడు వారాలకు ఇవి తేలికగా అనిపిస్తే రెండూ కలపండి. అసలు లాభం ఇక్కడే ఉంది. బల్ల ముందు కూర్చుని, తువ్వాలు చుట్టను పిడికిట్లో సగం బలంతో పట్టుకుని, ముంజేతిని బల్ల మీద ముందుకు జార్చండి, వెనక్కి తీసుకురండి. ఎనిమిది నుంచి పదిసార్లు. ఇది సులువైతే నిలబడి, చిటికెనవేలి వైపు అంచును గోడకు ఆనించి, చుట్టను పట్టుకునే పైకి జార్చండి. ఇంకొన్నాళ్లకు గోడ ఆసరా లేకుండా చేతిని ముందుకు లేపి, పైన ఆపి ఐదు సెకన్లు పిండి, దించండి. పైన మూడో అంచెలో కొలిచినప్పుడు, చెయ్యి ఎత్తితే పడిపోయిన ఆ పట్టును తిరిగి తెచ్చేది ఇదే.

చివరగా మోసుకెళ్లడం. సీసాల సంచిని పక్కన పట్టుకుని ఇరవై ముప్పై సెకన్లు నడవండి. ఒళ్లు ఒక పక్కకు ఒరగకూడదు. మొదట ఒకటి రెండు కిలోలతో మొదలుపెట్టి, వారానికి ఒకసారి మించకుండా పెంచండి. బరువు, సార్లు, ఎత్తు, ఈ మూడింటిలో ఒక్కోసారి ఒక్కటే పెంచాలి. లేకపోతే నొప్పి పెరిగినప్పుడు దేనివల్లో తెలియదు.

వీటన్నిటికంటే ముఖ్యం, మీ జాబితాలోని పనులే వ్యాయామంగా మారాలి. జగ్గు వంచడం రాశారనుకోండి. పావు వంతు నీళ్లతో, బల్ల ఎత్తులో రోజూ కొన్నిసార్లు వంచండి. తర్వాత నీళ్లు పెంచండి, ఆ తర్వాత ఎత్తు పెంచండి.

రాత్రి నిద్ర గురించి ఒక్క ముక్క: నొప్పి ఉన్న వైపు పడుకోకండి. వెల్లకిలా పడుకుంటే జబ్బ కింద పలచటి దిండు, పక్కకు పడుకుంటే ఛాతీ ముందు దిండు పెట్టి దాని మీద చెయ్యి వేయండి. నిద్ర లేని మర్నాడు ఎవరి పట్టూ సరిగా ఉండదు.

7. మూడు వారాలకు, ఆరు వారాలకు మళ్లీ చూడండి

రోజూ కొలవద్దు. మూడు వారాలకు ఒకసారి అదే కుర్చీ, అదే భంగిమ, వీలైతే అదే వేళ. రెండు భంగిమల పట్టు, పనుల మార్కు, రాత్రి నొప్పి, ఈ నాలుగు అంకెలు చాలు.

అంకెలు ఒకదానితో ఒకటి సరిపోకపోవడం సహజం. పట్టు పెరిగి పనుల మార్కు కదలకపోతే, మీ ఇబ్బంది బలంలో కాదు, భుజం తిరగడంలో ఉందన్న మాట. వీపు వెనక్కి చెయ్యి పెట్టే పనికి పట్టుతో సంబంధమే లేదు. అప్పుడు పిండడం తగ్గించి కదలికల మీద సమయం పెట్టండి. పనుల మార్కు పెరిగి పట్టు అలాగే ఉంటే కంగారు పడక్కర్లేదు, పనులు చేసుకునే తీరు మెరుగైంది, బలం నెమ్మదిగా వస్తుంది. పక్కన పెట్టినప్పుడు కూడా పట్టు తగ్గుతూ పోతుంటే మాత్రం ఆగకండి, తిమ్మిరి లేకపోయినా మెడ నరాల పరీక్ష చేయించుకోవాలి.

ఆరు వారాలకు పనుల సగటు రెండు మార్కులైనా పెరగకపోతే ఫిజియోథెరపిస్టునో ఎముకల డాక్టర్‌నో కలవండి. వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి. నొప్పి ఎప్పుడు మొదలైంది, దెబ్బ తగిలిందా, షుగర్ ఉందా, థైరాయిడ్ ఉందా, ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయి, ఇప్పటివరకూ ఏ వ్యాయామం ఎన్నిసార్లు చేశారు, ఇవన్నీ దాని వెనక రాసుకోండి. స్కాన్ రిపోర్టు ఉంటే అదీ పట్టుకెళ్లండి. కానీ నలభై దాటినవాళ్లలో నొప్పి లేని భుజాల్లో కూడా స్కాన్‌లో రొటేటర్ కఫ్‌కు చిన్న చిన్న చిరుగులు కనిపిస్తుంటాయి, కాబట్టి రిపోర్టులో ఆ మాట చూసి సంచి మోయడం మానేయకముందే దాని గురించి డాక్టర్‌ను అడగండి. చెయ్యి ఎత్తించి కూడా పట్టు చూడమని అడగడం మరిచిపోవద్దు. చాలా చోట్ల కూర్చోబెట్టి ఒక్క భంగిమలోనే కొలిచి పంపేస్తారు.